సంపులో యాసిడ్, నల్లాలో క్లోరిన్: ఊపిరితిత్తులకు ఏది ముప్పు?

అపోహ: క్లోరిన్ నీళ్లు తాగితే ఊపిరితిత్తుల కణాలు చచ్చిపోతాయి.

నీళ్లలో కుళ్లిన ఆకు, పాచి ఉంటే వాటితో క్లోరిన్ కలిసి క్లోరోఫామ్ లాంటి ట్రైహాలోమీథేన్లు పుడతాయి. ఇది 1974 నుంచీ తెలిసిందే. వాటిని గాఢంగా కణాల మీద పోస్తే కణాలు దెబ్బతింటాయి, నిజమే. కానీ తాగునీటిలో క్లోరోఫామ్‌కు మన ప్రమాణం, ఐఎస్ 10500, పెట్టిన హద్దు లీటరుకు 0.2 మిల్లీగ్రాములు. పసిపిల్లలున్న ఇళ్లలో భయం అర్థమవుతుంది. కానీ ఆ భయంతో క్లోరిన్ మానేస్తే ఇంట్లోకొచ్చేది టైఫాయిడ్, కామెర్లు.

అపోహ: బ్లీచింగ్‌లో కాస్త యాసిడ్ కలిపితే సంపు తళతళలాడుతుంది.

ప్రాణాలు తీసేది ఇదే. బోరు నీళ్ల తెల్లగార వదలాలని అపార్ట్‌మెంట్లలో ఈ రెండూ కలిపేస్తారు. కలిసిన క్షణంలోనే క్లోరిన్ వాయువు లేస్తుంది. గాలికన్నా రెండున్నర రెట్లు బరువు కాబట్టి సంపు అడుగునే పేరుకుంటుంది, అక్కడ ఉన్నది మనిషి. ఊపిరితిత్తుల తడి పొర మీద అది ఆమ్లాలుగా మారి పొరను కాల్చేస్తుంది. గాలి తిత్తుల్లోకి నీరు ఊరడం కొన్ని గంటల తర్వాత కూడా మొదలవ్వొచ్చు. దగ్గు తగ్గింది కదా అని ఇంటికి పంపకండి, 108కి ఫోన్ చేయండి. పడిపోయినవాళ్ల కోసం ఇంకొకరు లోపలికి దూకొద్దు.

గారకు నిమ్మ ఉప్పు చాలు, శుభ్రంగా కడిగేసి బ్లీచింగ్ మర్నాడు పెట్టుకోండి. ముందు మూతలన్నీ తీసి గాలి ఆడనివ్వాలి, పైన ఒకరు కాపలా ఉండాలి, అప్పుడే మనిషి దిగి బురద ఎత్తాలి. బురద వదిలేసి పౌడర్ చల్లితే క్లోరిన్ అంతా దానికే ఖర్చవుతుంది, మీరు భయపడే ఉపఉత్పత్తులూ అక్కడే పెరుగుతాయి. మనిషి పైకి వచ్చాక 1000 లీటర్లకు 150 గ్రాముల తాజా పౌడర్ (33 శాతం క్లోరిన్ ఉన్నది) బకెట్ నీళ్లలో కలిపి, సున్నం అడుక్కి దిగాక పైతేటే పోయాలి. రాత్రంతా ఉంచి, పొద్దున పారబోసి కొత్త నీళ్లు పట్టాలి. తాగే నీళ్లకైతే 1000 లీటర్లకు రెండున్నర గ్రాములే. గంట తర్వాత లీటరుకు అర మిల్లీగ్రాము క్లోరిన్ మిగిలి ఉండాలి.

అపోహ: వేడినీళ్ల స్నానంతో ఏమీ కాదు.

క్లోరోఫామ్ ఆవిరితో లేస్తుంది. ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేయండి, కిటికీ తెరవండి, అంతే.

అపోహ: ఫిల్టర్ ఉంటే చాలు.

కార్బన్ కార్ట్రిడ్జ్ క్లోరిన్‌నీ క్లోరోఫామ్‌నీ పడుతుంది, నిండిపోయాక ఏదీ పట్టదు. ఫిల్టర్ నీళ్లలో క్లోరిన్ మిగలదు కాబట్టి రోజుల తరబడి నిల్వ పెట్టొద్దు. ఆస్తమా ఉన్నవాళ్ల నెబ్యులైజర్‌లో ఆ నీళ్లు అస్సలు పోయకండి, డాక్టర్ రాసిన మందూ స్టెరైల్ సెలైనూ మాత్రమే.