రిపోర్టులో దొరకని క్రిములు

చిట్టితల్లులూ, బాబులూ,

వానలు మొదలవగానే కొండ మీది గిరిజన గూడేల్లో విరేచనాలు ఎందుకు మొదలవుతాయని అడిగారు కదా. "నీళ్ళు బాగోలేక" అని ఒక్క ముక్కలో తేల్చేయొచ్చు, కానీ నేను 30 ఏళ్ళు ల్యాబ్‌లో మల పరీక్షలు చేసినవాణ్ణి (నవ్వకండి, ఎవరో ఒకరు చెయ్యాలిగా!), నాకది సగం జవాబే.

వాగు పక్కన ఇసుకలో చేత్తో గొయ్యి తీస్తే నీళ్ళు ఊరతాయి, దాన్నే చెలమ అంటారు. తేటగా, చల్లగా ఉంటాయి, చూస్తేనే తాగాలనిపిస్తుంది. వాన పడ్డాక గట్టు మీది మలం, పేడ కొట్టుకొచ్చి దిగేది కూడా ఆ గుంటలోకే. ఒక మిల్లీమీటరు పొడవులో సుమారు 500 బ్యాక్టీరియాలు వరసగా పడతాయి, ఇక కంటికేం కనబడుతుంది?

అయితే అన్ని క్రిములూ ఒకేలా రావు. కలరా క్రిమి కడుపులోని ఆమ్లానికి తేలిగ్గా చస్తుంది, అందుకే మామూలుగా లక్షల్లో లోపలికి వెళితే తప్ప జబ్బు రాదు, అన్ని క్రిములు లోపలికి రావాలంటే నీళ్ళో తిండో కావాలి. రక్త విరేచనాలు తెచ్చే షిగెల్లా అనే క్రిమి అలా కాదు, పది నుంచి వంద క్రిములు చాలు. నీళ్ళు మరిగించి బిందెలో పోశాక, కడగని చేత్తో చెంబు ముంచితే చాలన్నమాట. రక్తం, జిగట, కడుపులో మెలిపెట్టే నొప్పి ఉంటే మేం ముందు దాన్నే అనుమానిస్తాం. కలరాకైతే నొప్పి పెద్దగా ఉండదు, బియ్యం కడిగిన నీళ్ళలా పోతూనే ఉంటుంది. ఆ చుక్క మైక్రోస్కోప్ కింద పెడితే క్రిములు రాలే నక్షత్రాల్లా సర్రున దూసుకుపోతాయి, మొదటిసారి చూసినప్పుడు నేను పని మర్చిపోయి చూస్తూ కూర్చున్నాను.

ఇక ఈ. కోలై. అది మీ పేగుల్లోనూ నా పేగుల్లోనూ హాయిగా కాపురం ఉంటుంది. వాటిలో కొన్ని రకాలు మాత్రం విషం తయారుచేసి పేగులోంచి నీళ్ళు తోడేస్తాయి, పసిపిల్లల్లో విరేచనాలకు ఇదొక పెద్ద కారణం. చిక్కేమిటంటే, ల్యాబ్‌లో క్రిముల్ని పెంచే పళ్ళెంలో మంచిదీ చెడ్డదీ రెండూ ఒకేలా గులాబీ రంగు చుక్కలుగా పెరుగుతాయి, విషం జన్యువు ఉందో లేదో చూడాలంటే పీసీఆర్ లాంటి జన్యు పరీక్ష కావాలి. షిగెల్లాదేమో ఇంకో తంటా. బయట బతకలేదు. గూడెం నుంచి కాలినడకన, తర్వాత జీపులో, ఎండలో వచ్చిన డబ్బా మూత తీసేసరికి అది చచ్చి ఉంటుంది. క్యారీ-బ్లేర్ అనే జిగురులాంటి మాధ్యమంలో ముంచి పంపితే నిలుస్తుంది, కానీ అది పంపేవాళ్ళ దగ్గర ఉండాలిగా. అలా నా చేత్తోనే ఎన్నిసార్లు "ఏ క్రిమీ కనబడలేదు" అని రాసుంటానో. ఆ మాటకు అర్థం క్రిమి లేదని కాదు, నాకు దొరకలేదని. దూరాన ఉన్నవాళ్ళ జబ్బే కాగితం మీద తక్కువగా కనబడుతుంది, నాకు ఇప్పటికీ కోపం వచ్చేది ఇక్కడే.

అదృష్టమేమిటంటే, క్రిమి పేరు తెలిసేదాకా ఆగక్కర్లేదు. ప్రాణం తీసేది ఎక్కువగా ఒంట్లో నీరూ ఉప్పూ పోవడమే. 1971లో బంగ్లాదేశ్ శరణార్థులతో నిండిపోయిన పశ్చిమ బెంగాల్ సరిహద్దు ఊరు బన్‌గావ్‌లో కలరా వచ్చి సెలైన్ సీసాలు అయిపోతే, డాక్టర్ దిలీప్ మహలనబీస్ ఉప్పు, గ్లూకోజు కలిపిన నీళ్ళు డ్రమ్ముల్లో పెట్టి తాగించాడు, 30 శాతం దాకా ఉన్న చావులు 4 శాతం లోపుకి వచ్చాయి. విరేచనాలవుతుంటే నీళ్ళు పట్టొద్దనే పెద్దవాళ్ళు ఇంకా ఉన్నారు, ఈ విషయంలో మాత్రం వాళ్ళ మాట వినకండి. యాంటీబయాటిక్ కూడా మీ అంతట మీరు వేసుకోకండి, రోటావైరస్ లాంటి వైరస్‌లకి అది అసలు పనిచెయ్యదు. రక్తం పడితే మాత్రం డాక్టర్ దగ్గరికే.

ఆ ఉప్పు-గ్లూకోజు పొడే ఇప్పుడు ఓఆర్‌ఎస్ పేరుతో దొరుకుతుంది. దాని లీటరు ప్యాకెట్‌ని కొంచెం కొంచెం గ్లాసులో కలపకండి, మొత్తం ఒకేసారి లీటరు నీళ్ళలో పొయ్యండి, లేకపోతే ఉప్పు లెక్క తప్పుతుంది. ప్యాకెట్ లేదా? లీటరు కాచి చల్లార్చిన నీళ్ళకి తలగొట్టిన ఆరు టీస్పూన్ల చక్కెర, అర టీస్పూను ఉప్పు. మర్నాటికి మిగిలితే పారబోసి కొత్తగా కలుపుకోండి.

మీ తాతయ్య