పక్క కంపెనీ పైలట్ ఎందుకెక్కాడు?

డాలస్‌లోని మనవలిద్దరికీ తాతయ్య ఆశీస్సులు.

వేరే కంపెనీ యూనిఫారం వేసుకున్న పైలట్ ఒకాయన గేటు దగ్గర ఏదో అడిగి, మీకంటే ముందే వెళ్లి కాక్‌పిట్‌లో కూర్చున్నాడని రాశారు. ఆయనకు టికెట్ లేదా అని అడిగారు. లేదు. ఆయన డ్యూటీకి వెళుతున్నాడు, అంతే.

అమెరికాలో చాలామంది పైలట్లకు ఇల్లు ఒక ఊళ్లో ఉంటే, డ్యూటీ మొదలయ్యేది ఇంకో ఊళ్లో. మెంఫిస్ నుంచి రాత్రిళ్లు పార్సిళ్ల విమానం నడిపే ఆయన మీ వీధిలోనే ఉండవచ్చు. అందుకే కంపెనీలు ఒకరి పైలట్లను ఒకరు ఊరికే తీసుకువెళతాయి. సీట్లు ఖాళీగా ఉంటే ప్రయాణికుల మధ్య, నిండిపోతే కాక్‌పిట్‌లో పైలట్ల వెనక ఉండే మడత కుర్చీలో. దాన్నే జంప్‌సీటు అంటారు.

మా చిన్నప్పుడు ఎడ్లబండ్లకూ ఇదే రివాజు. మిరపకాయల బస్తాలతో గుంటూరుకు రాత్రంతా బండ్లు వరసకట్టి సాగేవి. నాన్న తోలుతుంటే నేను బస్తాల మీద పడుకునేవాణ్ని. ఆ ఘాటుకు తుమ్మి తుమ్మి నిద్ర పట్టేది కాదు. దారిలో పొరుగూరి బండివాడు ఎవరైనా కలిసి, "బావా, ఎక్కనా?" అనేవాడు. ఎంత తెలిసినవాడైనా అడిగే ఎక్కేవాడు. ఒక రాత్రి అలా ఎక్కినాయన కబుర్ల మధ్యలో ఉన్నట్టుండి "ఆపు బావా" అన్నాడు. దిగి లాంతరు పెట్టి చూస్తే కుడి చక్రం ఇరుసు నుంచి ఊడిపోకుండా పెట్టే కడచీల సగం బయటికి వచ్చి ఉంది. రాయితో నాలుగు దెబ్బలు వేసి దిగగొట్టాడు. నాకు ఆ చక్రం చప్పుడులో ఏ తేడా తెలియలేదు. బండి ఎవరిదైనా బండివాడి చెవి ఇరుసు మీదే ఉంటుంది.

విమానంలోనూ అంతే. ఎక్కే పైలట్ ముందు కెప్టెన్ అనుమతి అడగాలి. కెప్టెన్ కాదంటే ఇక ఎవరూ చేసేదేమీ లేదు. సరేనంటే కూర్చుని పట్టీలు బిగించుకుంటాడు. 10,000 అడుగులకు దిగువన ఉన్నంతసేపూ కాక్‌పిట్‌లో పనికి సంబంధం లేని మాట ఎవరూ ఎత్తకూడదు. తేడా ఏదైనా కంటబడితే మాత్రం మొహమాటపడకుండా చెప్పమనే కెప్టెన్లే ఎక్కువ. కొందరు అతిథులు సిబ్బందికి చాక్లెట్లు కూడా తెస్తారు. మా బండ్లలో వేయించిన వేరుశనక్కాయలు ఉండేవి.

పరాయి బండి ఎక్కినవాడు పగ్గాలు ముట్టుకోడు. ముట్టుకున్నవాడూ ఉన్నాడు. 2023 అక్టోబరు 22న అలాస్కా ఎయిర్‌లైన్స్ పైలట్ ఒకరు హొరైజన్ అనే కంపెనీ విమానం జంప్‌సీటులో శాన్‌ఫ్రాన్సిస్కోకు వెళుతూ, ఇంజన్లు ఆగిపోయే పిడులను లాగబోయాడు. పైలట్లిద్దరూ అడ్డుకుని విమానాన్ని పోర్ట్‌లాండ్‌లో దించారు. అందరూ క్షేమం.

బండికి గుర్తింపు కార్డు అక్కర్లేదు, ఇక్కడ మాత్రం నా పోలిక కుంటుతుంది. 2001 సెప్టెంబరు 11 తర్వాత పరాయి కంపెనీల పైలట్లను కాక్‌పిట్‌లోకి రానివ్వడం మానేశారు. కొన్నేళ్లకు, ఆ మనిషి నిజంగా ఆ ఉద్యోగంలోనే ఉన్నాడా అని ఫొటోతో సహా గేటు దగ్గరే కంప్యూటర్‌లో సరిచూసే పద్ధతి వచ్చాక మళ్లీ తలుపు తెరిచారు.

పిలిచి పగ్గాలు చేతికిచ్చిన సందర్భమూ ఉంది. 1989 జులై 19న యునైటెడ్ ఎయిర్‌లైన్స్ 232 నంబరు విమానం తోక ఇంజన్ బద్దలై, విమానాన్ని తిప్పే హైడ్రాలిక్ వ్యవస్థ మొత్తం పోయింది. పగ్గాలన్నీ తెగిన బండి అన్నమాట. ప్రయాణికుల్లో అదే కంపెనీ శిక్షకుడు డెన్నీ ఫిచ్ ఉన్నాడు. సాయపడతానని కబురు పంపితే కెప్టెన్ లోపలికి రమ్మన్నాడు. మిగిలిన రెండు ఇంజన్ల వేగాన్ని హెచ్చుతగ్గులు చేస్తూ, మిగతా పైలట్లతో కలిసి సూ సిటీ దాకా తీసుకువచ్చాడు. దిగేటప్పుడు విమానం ముక్కలైంది. 296 మందిలో 184 మంది బతికారు. ఇంజన్లతోనే అంత పెద్ద విమానాన్ని మలుపు తిప్పడం ఎలాగో నాకు ఇప్పటికీ ఊహకందదు. మీకు వివరించలేను.

ఈసారి విమానం ఎక్కేటప్పుడు కాక్‌పిట్ తలుపు తీసి ఉంటే, పైలట్ల వెనక ఆ కుర్చీ ఎక్కడ మడిచి ఉందో చూడండి. కనిపించకపోతే అడగండి, కానీ ముందు నమస్కారం చెప్పండి.

మీ తాతయ్య