రోహిణి కార్తెలో గుడ్లు ఎందుకు ఉడకవు?

మా నెల్లూరు తీరంలో పిట్టల్ని చూసేవాళ్లకు సీజన్ అంటే కార్తీకం నుంచి మాఘం దాకానే. ఉత్తరాది నుంచి వచ్చినవి ఎండలు ముదిరేసరికి తిరుగుముఖం పడతాయి, మా బైనాక్యులర్లు బీరువాలోకి పోతాయి. అందుకే రోళ్లు పగిలే రోహిణి కార్తెలో ఇస్కపల్లి ఉప్పుమడుల దగ్గర పిట్టల్ని చూసొస్తానంటే మా అమ్మ ఒక్క మాటా అనలేదు. మజ్జిగ సీసా చేతిలో పెట్టి, నెత్తికి తువ్వాలు చుట్టుకోమంది.

వేట నిషేధం రోజులు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరబోట్లు కదలవు గనక తీరమంతా నిశ్శబ్దం. పదకొండు గంటలకే మడుల మీద గాలి అలలు అలలుగా కదులుతోంది. గట్టు మీద నడుస్తుంటే ఉప్పు లాగుతున్న పెద్దాయన కేకేశాడు: "చూసి అడుగెయ్ అబ్బయ్యా, గుడ్లుండాయి."

నాకేమీ కనపడలేదు. వంగి చూస్తే, కాలికి జానెడు దూరంలో నాలుగు మట్టిరంగు గుడ్లు. వాటిమీద నల్లటి మచ్చలు, సన్నటి మొనలన్నీ లోపలికే. గూడంటే ఏమీ లేదు, చిన్న గుంట, చుట్టూ నాలుగు మట్టిపెళ్లలు. అప్పటికే తీతువులు రెండూ నెత్తిమీద తిరుగుతూ అరుస్తున్నాయి. తీతువు అరిస్తే చావు కబురొస్తుందంటారు. ఆ పూట చావు టెన్షన్ వాటిదే, కారణం నేను. ఫొటో కోసం అక్కడే గొంతు కూర్చున్నాను.

"ఫొటోలు మళ్లీ తీసుకుందువులే, ముందు ఇవతలికి రా. ఉడికిపోతాయి అవి."

ఎగతాళి అనుకున్నాను. కాదు. లోపలి పిల్ల పెరగడానికి గుడ్డు 37, 38 డిగ్రీల దగ్గర ఉండాలి. 42 దాటి కాసేపు నిలిస్తే పిల్ల బతకడం కష్టం. మిట్టమధ్యాహ్నం ఆ గట్టు నేల 50 దాటడం పెద్ద విషయం కాదు. పొదగడమంటే వెచ్చగా ఉంచడమని మనం అనుకుంటాం. ఇక్కడ పగటిపూట పిట్ట చేసేది దానికి తిరగబడ్డ పని, గుడ్లను చల్లగా ఉంచడం.

దూరంగా పోయి, పడిపోయిన పాక నీడలో కూర్చుని చూశాను. ఒక తీతువు వచ్చి గుడ్ల మీద కాళ్లు చాపి నిలబడింది. కూర్చోలేదు, ఒంటితో నీడ పట్టింది, అంతే. నోరు తెరిచి రొప్పుతోంది. పిట్టలకు చెమట గ్రంథులు లేవు, పైగా వాటి ఒళ్లు మామూలుగానే 41 డిగ్రీల దగ్గర ఉంటుంది. రెండోది కాలువలోకి దిగింది. మోకాలి లోతులో నిలబడి, పొట్ట మునిగేలా నాలుగైదుసార్లు కూర్చుని లేచింది. ఈకల్లోంచి నీళ్లు కారుతుండగానే గట్టెక్కి పరుగెత్తింది. మొదటిది లేచీ లేవకముందే గుడ్ల మీద వాలి, తడి పొట్టను అటూ ఇటూ కదిపింది.

మట్టికుండలో నీళ్లు చల్లబడేది ఎందుకో ఇదీ అందుకే. గ్రాము నీటిని సున్నా డిగ్రీల నుంచి మరిగేదాకా కాచడానికి 100 కేలరీలు చాలు. అదే గ్రాము ఆవిరైపోవాలంటే దాదాపు 580 కేలరీలు కావాలి. ఆ వేడిని నీరు గుడ్డు నుంచీ, పిట్ట ఒంటి నుంచీ లాక్కుంటుంది. ఉక్కపోతలో ఈ పని మందగిస్తుంది, సముద్రపు గాలి తిరిగితే మళ్లీ ఊపందుకుంటుంది.

మడుల అంచున పిచ్చుకంత ఉల్లంకి పిట్ట ఒకటి ఉండేది. దక్షిణ భారతంలోనూ శ్రీలంకలోనూ ఉండే ఈ రకాన్ని చాలాకాలం కెంటిష్ ప్లోవర్ అనే మరో ఉల్లంకి రకంలోనే కలిపేశారు. 2023లో విడదీసి హనుమాన్ ప్లోవర్ అన్నారు. రెండు దేశాల మధ్య వారధి గుర్తుకొచ్చి పెట్టిన పేరు, నాకు భలే నచ్చింది. దీని దాయాది కెంటిష్ ప్లోవర్‌ను ఎర్రసముద్రంలోని ఫరసాన్ దీవుల్లో పరిశీలించారు. మామూలుగా పగలు ఆడది, రాత్రి మగది పొదుగుతాయి. ఎండ మండే వేళ మాత్రం మగది పగలు కూడా వచ్చి వంతు పంచుకుంటోందట. ఒక్కదాని వల్ల అయ్యే పని కాదు మరి.

ఇంకో సందేహం మిగిలింది. ఇంత ఎండలో గుడ్లు తెల్లగా ఉంటే మేలు కదా? మేలే, కానీ తెల్లగుడ్డు కాకికి కిలోమీటరు దూరం నుంచి కనిపిస్తుంది. మట్టిరంగు గుడ్డు మన కంటికి ముదురుగా కనిపించినా, దాని రంగుపదార్థాలు కంటికి కనిపించని పరారుణ కిరణాలను చాలావరకు వెనక్కి కొట్టేస్తాయి. ఎండలోని వేడిలో దాదాపు సగం ఆ కిరణాలదే. అందువల్ల గుడ్డు మనం అనుకున్నంతగా కాగదు.

రెండు గంటలకు సముద్రపు గాలి తిరిగింది. మజ్జిగ అయిపోయింది. పెద్దాయన ఉప్పు తట్ట నెత్తిన పెట్టుకుని వస్తూ, ఆ గుడ్ల దగ్గరికి రాగానే గట్టు దిగి, పక్క మడిలో పాదాలు ముంచుకుంటూ పది అడుగులు నడిచి మళ్లీ గట్టెక్కాడు. తీతువు ఈసారి అరవలేదు.