కంప్యూటర్‌లో నర్సింగ్ నోట్స్: అపోహలు - వాస్తవాలు

మా వార్డులో కేస్ షీట్లు పోయి కంప్యూటర్లు వచ్చిన కొత్తలో, ఇక చేతిరాత బాధ తీరింది, నోట్స్ బాగుపడతాయి అనుకున్నాం. చేతిరాత బాధ నిజంగానే తీరింది. నోట్స్ సంగతి వేరు.

అపోహ: గడులన్నీ నిండితే రికార్డు పూర్తయినట్టే.

వాస్తవం: శ్వాస రేటు గడి ఒక్కటి చూడండి చాలు. బీపీ, పల్స్, ఆక్సిజన్ మిషన్ చెబుతుంది. శ్వాస మాత్రం నిమిషం పాటు నిలబడి మనమే లెక్కపెట్టాలి. అందుకే ఏ షిఫ్టు తెరిచినా 20, 20, 20. నేనూ అలా నింపినదాన్నే. ఒక రాత్రి న్యుమోనియాతో ఉన్న పెద్దాయనకు 20 వేయబోతూ, ఎందుకో అనుమానం వచ్చి దుప్పటి తీసి పొట్ట కదలికను వాచీ పెట్టుకుని లెక్కపెట్టాను. 28! వెంటనే డాక్టర్‌కు ఫోన్ చేశాను. తెల్లవారేలోపు ఆయన్ను ఐసీయూకి మార్చారు.

బ్రిటన్ ఆసుపత్రుల కోసం 2012లో తెచ్చి, 2017లో సవరించిన ‘న్యూస్’ అనే హెచ్చరిక స్కోరులో శ్వాస 12 నుంచి 20 వరకు ఉంటే సున్నా, 21 నుంచి 24 వరకు 2, 25 ఆపైన 3. ఏ ఒక్క అంశంలో 3 వచ్చినా డాక్టర్ త్వరగా వచ్చి చూడాలి. మనం ఊహించి వేసే 20కి వచ్చేది సున్నా. స్కోరు పెరిగితే హెచ్చరించాల్సిన కంప్యూటర్ ఇక మోగదు.

అపోహ: నిన్నటి నోట్ కాపీ చేస్తే టైం కలిసొస్తుంది.

వాస్తవం: క్యాన్యులా (సెలైన్, ఇంజెక్షన్ల కోసం నరంలో ఉంచే సన్నటి గొట్టం) కుడి చేతికి మారి రెండు రోజులైనా నోట్స్‌లో ఎడమ చేతికే ఉంటుంది. రేపు కుడి చేయి వాస్తే, అక్కడ ఎవరూ చూడలేదని మన రికార్డే సాక్ష్యం చెబుతుంది.

అపోహ: తప్పు పడితే చెరిపేస్తే సరి.

వాస్తవం: ఎవరి లాగిన్, ఏ సమయం, పాత అంకె ఎంత అన్నవి వెనుక నిలిచే ఉంటాయి. మన దేశంలో 2016 నాటి ఎలక్ట్రానిక్ రికార్డుల ప్రమాణాలూ అదే కోరతాయి. ఆలస్యంగా రాస్తే ఆ మాటే రాయండి: జరిగిన సమయం, రాస్తున్న సమయం రెండూ వేయండి. పక్క సిస్టర్ లాగిన్‌లో మాత్రం రాయకండి.

అపోహ: ‘పేషెంట్ బాగున్నారు’ అంటే చాలు.

వాస్తవం: ‘10.15కి నొప్పి పదికి 7, రాసిన ఇంజెక్షన్ ఇచ్చాను. 10.50కి 3, తనంతట తాను పక్కకు తిరిగారు.’ రాత్రి డ్యూటీకి వచ్చే సిస్టర్‌కు పనికొచ్చేది ఇదీ.

అపోహ: రాతపనితో పేషెంట్ దగ్గర ఉండే టైం పోతోంది.

వాస్తవం: దీన్ని అపోహ అనడానికి నాకు మనసొప్పదు. ఒకే బీపీని రిజిస్టరులో, చార్టులో, మళ్లీ కంప్యూటర్‌లో రాయిస్తే ఎవరికైనా విసుగే. ఆ రిజిస్టరు ఎందుకని అడిగితే, ‘ముందు నుంచీ ఉంది’ అన్నారు మా ఇన్‌చార్జి. ఎవరు చూస్తున్నారని మళ్లీ అడిగాం. నెల తిరక్కుండానే దాన్ని తీసేశారు.