అద్దాలు తీసేసి యోగాకు పంపకండి

వేసవి సెలవులు రాగానే నెల్లూరులో మా మిద్దె మీద పిల్లల యోగా క్లాసు నిండిపోతుంది. చేర్చడానికి వచ్చే తల్లుల్లో చాలామంది అడిగేది ఒకటే. "మేడమ్, యోగా చేస్తే పాపకు అద్దాలు పోతాయా?"

పోవు. ఇంత సూటిగా చెప్పడానికి నాకు కొన్నేళ్ళు పట్టింది.

ఒకసారి కోవూరు నుంచి ఆరేళ్ళ పాపను తీసుకొచ్చారు. డాక్టరు రాసిన అద్దాలు వాళ్ళమ్మ బ్యాగులోనే ఉన్నాయి. "ఆడపిల్ల కదా మేడమ్, అద్దాలు అలవాటైతే పవర్ పెరిగిపోతుందంట. మీరు త్రాటకం చేయించండి" అంది. త్రాటకం అంటే దీపాన్నో చుక్కనో రెప్పవేయకుండా చూడటం. అది చేయించలేదు గానీ, అద్దాలు పెట్టమని గట్టిగా చెప్పనూ లేదు. మూడేళ్ళ తర్వాత బడిలో కంటి పరీక్ష చేస్తే, ఆ పాపకు కుడి కంటితో పెద్దక్షరాలు తప్ప కనపడలేదు. అప్పుడు మొదలుపెట్టిన వైద్యం కొంతవరకే పనిచేసింది. ఆ తల్లి నా ముందు కూర్చుని ఏడ్చింది. ఆమెను ఏమనగలను? నా కోపమంతా ఆమెకు ఆ మాట చెప్పినవాళ్ళ మీదే.

రెండు కళ్ళ పవర్‌లో తేడా ఎక్కువగా ఉంటే, మెదడు బాగా కనిపించే కంటితోనే పని జరుపుకుంటుంది. రెండో కన్ను చూడటం నేర్చుకోదు. లేజీ ఐ అనేది ఇదే. అద్దాలు, బాగా కనిపించే కంటిని మూసే ప్యాచ్ ఏడెనిమిదేళ్ళ లోపు మొదలుపెడితే చూపు బాగా తిరిగొస్తుంది. ఆలస్యమయ్యే కొద్దీ కష్టం. ఈ వయసులో అద్దాలు తీసేయడమంటే వైద్యం మానేయడమే.

దూరం కనపడని పిల్లల్లో చాలామందికి కంటిగుడ్డు కాస్త పొడవు పెరిగి ఉంటుంది. ఏ ఆసనం వేసినా అది మళ్ళీ పొట్టిది కాదు. ఎదిగే వయసులో పవర్ మారేది కన్ను పెరగడం వల్ల, అద్దాల వల్ల కాదు. త్రాటకంతో కంటి జబ్బులు పోతాయని హఠయోగ ప్రదీపికలో ఉన్న మాట నిజమే. కానీ అది దాదాపు 15వ శతాబ్దపు పుస్తకం. కంటి పవర్ కొలిచే పరికరాలు అప్పుడు లేవు.

వీడియోలు చూసి పిల్లల చేత ఉదయాన్నే సూర్యుణ్ణి తదేకంగా చూపిస్తున్నవాళ్ళూ ఉన్నారు. దయచేసి ఆపండి. రెటీనా కాలినా నొప్పి తెలియదు, చూపు మసకబారాకే తెలుస్తుంది. సూర్యనమస్కారాలకు సూర్యుడి వైపు చూడాల్సిన పనే లేదు.

కళ్ళకు నిజంగా మేలు చేసేది ఆరుబయట ఆట. రోజూ పగటి వెలుతురులో ఎక్కువసేపు ఆడే పిల్లలకు దూరం కనపడని సమస్య వచ్చే అవకాశం తగ్గుతుందని పరిశోధనల్లో తేలింది. మా మే నెల ఎండ సంగతి తెలిసిందే కాబట్టి ఆరింటికే క్లాసు పెట్టి, అయ్యాక ఎండ ముదిరేదాకా తొక్కుడుబిళ్ళ ఆడుకోనిస్తాను.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. తాడాసనంతో ఎత్తు పెరగరు, నిటారుగా నిలబడటం వస్తుంది. ఆస్తమా ఉంటే ఇన్‌హేలర్ మాన్పించకూడదు. చిన్నపిల్లల చేత ఊపిరి బిగబట్టించడం, శీర్షాసనం నేను చేయించను. నెలసరి రోజుల్లో ఆడపిల్లలు ఇబ్బంది లేని ఆసనాలు వేసుకోవచ్చు.

మరి యోగా ఎందుకంటారా? పుస్తకాల మీద వంగి వంగి బిగుసుకున్న మెడ, వీపు సడలుతాయి. కాళ్ళకు నిలకడ వస్తుంది. పదో తరగతి పరీక్షల టెన్షన్‌తో నిద్రపట్టని ఒక పిల్లాడు, పడుకునే ముందు ఐదుసార్లు భ్రామరి (తుమ్మెదలా ఝుమ్మంటూ ఊపిరి వదలడం) చేస్తే నిద్ర వస్తోందని వాడే వచ్చి చెప్పాడు. నాకది చాలు.

ముందుకు వంగే ఆసనాలప్పుడు అద్దాలు తీసి డబ్బాలో పెట్టిస్తాను. అవి అయిపోగానే మళ్ళీ పెట్టుకోవాల్సిందే. వృక్షాసనంలో ఒంటికాలి మీద నిలబడాలంటే చూపు ఒకచోట ఆనాలి కదా. కోవూరు పాప ఇప్పుడు అద్దాలు పెట్టుకునే వస్తోంది, ఎదురింటి నీళ్ళ ట్యాంకు మీద రాసిన పేరు మీద చూపు నిలిపి నిలబడుతుంది.