గ్రామర్ దిద్దితే ఎస్సే బాగుపడుతుందా? కాలేజీ ఇంగ్లిష్ రైటింగ్ మీద అపోహలు - వాస్తవాలు

ఇంగ్లిష్ మాతృభాష కాని స్టూడెంట్స్‌కి కాలేజీలో అడ్వాన్స్‌డ్ ఎస్సే రైటింగ్ చెప్పడం నా పని. ఈ సబ్జెక్ట్ మీద స్టూడెంట్స్‌కే కాదు, వేరే సబ్జెక్టులు చెప్పే లెక్చరర్లకి, ఆమాటకొస్తే రైటింగ్ చెప్పేవాళ్లకి కూడా కొన్ని నమ్మకాలు గట్టిగా పాతుకుపోయి ఉంటాయి. స్టాఫ్‌రూమ్‌లో ఎవరికి వాళ్లకి విడివిడిగా చెప్పే ఓపిక లేక అన్నీ ఒకచోట రాసి పెడుతున్నా.

అపోహ: గ్రామర్ సెట్ అయితే ఎస్సే దానంతట అదే వచ్చేస్తుంది

అన్నిటికన్నా మొండిది ఇదే, అందుకే దీని మీద కాస్త ఎక్కువ రాస్తా. అడ్వాన్స్‌డ్ క్లాసుకి వచ్చేసరికి చాలామంది వాక్యాల్లో పెద్ద తప్పులేం ఉండవు. టెక్నాలజీ మీద రాయమంటే సగం మంది దగ్గర్నుంచి అచ్చు గుద్దినట్టు ఈ థీసిస్సే (అంటే ఎస్సే మొత్తం నిలబెట్టాల్సిన అసలు వాదన) వస్తుంది: "సోషల్ మీడియా హ్యాజ్ బోత్ అడ్వాంటేజెస్ అండ్ డిజడ్వాంటేజెస్." గ్రామర్ పరంగా వంక పెట్టడానికి లేదు. కానీ దీన్ని కాదనేవాళ్లు ఎవరైనా ఉంటారా? ఎవరూ కాదననిది థీసిస్ ఎలా అవుతుంది, దాన్ని నిరూపించడానికి మళ్లీ నాలుగు పేజీలెందుకు? ఇలాంటప్పుడు నేను పెన్ను పక్కన పెట్టేసి, ఎదురుగా కూర్చోబెట్టుకుని "అసలు నీకేమనిపిస్తోంది, నువ్వు కళ్లతో చూసిందేంటి" అని అడుగుతా. కాసేపు నసిగాక అసలు సంగతి బయటికొస్తుంది - క్లాస్ గ్రూప్ చాట్ ఉంది కదా అని మొహమాటస్తులంతా డౌట్లు అక్కడే అడిగేసుకుంటున్నారు, దాంతో క్లాసులో చెయ్యెత్తే అలవాటే పోతోంది అని. అదీ థీసిస్ అంటే. "అదేం కాదు, గ్రూపులో అడగడం అలవాటైతేనే రేపు క్లాసులో అడిగే ధైర్యం వస్తుంది" అని ఇంకొకరు ఎదురు వాదించొచ్చు, అంటే ఇప్పుడు ఎస్సేకి చెయ్యడానికి ఒక పనంటూ దొరికింది.

తమాషా ఏంటంటే, ఈ ఐడియాని ఇంగ్లిష్‌లో పెట్టబోయేసరికి వాక్యం వంకర్లు తిరుగుతుంది. "ఆల్దో"తో మొదలుపెట్టి మధ్యలో "బట్" వేస్తారు, వెర్బ్ ఎక్కడో జారిపోతుంది, మొదటి డ్రాఫ్ట్‌లో లేని తప్పులన్నీ రెండో డ్రాఫ్ట్‌లో పుట్టుకొస్తాయి. అది చూసి "వెనక్కి పోయాడు" అని మార్కులు కోసేవాళ్లున్నారు. పీటర్ స్కీహాన్ లాంటి రీసెర్చర్లు 1990ల నుంచీ చెప్తున్నది ఏంటంటే మనిషి ధ్యాసకి ఒక పరిమితి ఉంటుంది, కష్టమైన విషయం చెప్పడానికి అది ఖర్చయిపోతే తప్పుల్లేకుండా రాయడానికి మిగిలేది తక్కువే. నన్నడిగితే మాత్రం తప్పులున్న ఆ రెండో డ్రాఫ్టే ముందడుగు. తప్పులు తర్వాత దిద్దుకోవచ్చు, చెప్పడానికి ఏమీ లేని పేజీని ఏం దిద్దుతాం?

అపోహ: ప్రతి తప్పూ ఎర్ర పెన్నుతో దిద్దితేనే నేర్చుకుంటారు

1996లో జాన్ ట్రస్కాట్ అనే రీసెర్చర్ అసలు గ్రామర్ కరెక్షనే దండగ, మానేయండి అని పేపర్ రాసి పెద్ద దుమారం లేపారు. 1999లో డానా ఫెరిస్, అంత తొందరగా తేల్చేయకండి అని జవాబిచ్చారు, ఆ తర్వాత ఇద్దరి వైపూ బోలెడు స్టడీలు వచ్చాయి. ఆ గొడవ మొత్తంలో క్లాసులో నాకు ఎక్కువ పనికొచ్చింది ఫెరిస్ చేసిన ఒక విభజన. కొన్ని తప్పులకి రూల్ ఉంటుంది - సబ్జెక్ట్ వెర్బ్ అగ్రిమెంట్, ప్లూరల్ ఎండింగులు, సగంలో ఆగిపోయిన వాక్యాలు - వీటికి కింద గీత గీసి వదిలేస్తే రూల్ గుర్తు చేసుకుని స్టూడెంటే దిద్దుకోగలడు. పదం తప్పు వాడటం, వాక్యం కట్టడమే తేడా కొట్టడం, వీటికి రూల్ లేదు, గీత గీసి వదిలితే తల గోక్కోవడం తప్ప ఏం చేయలేరు, అక్కడ మాత్రం సరైన మాట మనమే రాసివ్వాలి. ఒక పేపర్లో రెండు రకాల తప్పులు ఎంచుకుని వాటినే పట్టుకోండి చాలు. పేజీ అంతా ఎర్రగా చేసిస్తే స్టూడెంట్ చూసేది మార్కు ఒక్కటే, చూసి మడిచి బ్యాగులో పెట్టేస్తారు.

ఇంకోటి, ఎప్పుడు దిద్దుతున్నామన్నది కూడా ముఖ్యమే. రేపు మొత్తం ఎగిరిపోబోయే పేరాలో కామాలు సరిచేసి ఎవరికి లాభం.

అపోహ: మోర్‌ఓవర్, ఫర్దర్‌మోర్ వేస్తే పేరా అతుక్కుంటుంది

ఇది కోచింగ్ పుణ్యం. ఇలాంటి కనెక్టర్ల (వాక్యాల్ని కలిపే మాటల) లిస్ట్ బట్టీ పట్టించి, వాక్యానికొకటి వేయమంటారు. అప్పుడు పేరా ఇలా తయారవుతుంది: "ఆన్‌లైన్ కోర్సెస్ ఆర్ చీప్. మోర్‌ఓవర్, మెనీ స్టూడెంట్స్ డ్రాప్ అవుట్. ఫర్దర్‌మోర్, మోటివేషన్ ఈజ్ ఇంపార్టెంట్." మూడు వాక్యాలు, మూడూ మూడు దిక్కులు. మోర్‌ఓవర్ అంటే ముందు చెప్పినదానికి అదే వైపు నుంచి ఇంకోటి కలపడం, ఇక్కడ చీప్‌గా ఉండటానికీ మధ్యలో మానేయడానికీ సంబంధం ఏంటో రాసినవాళ్లకే తెలియదు, తెలిసినా కాగితం మీదకి రాలేదు.

అతుకు పడేది ఎక్కడంటే ఒక వాక్యం చివర్లో వచ్చిన కొత్త సంగతి తర్వాతి వాక్యం మొదట్లో తెలిసిన సంగతిగా మళ్లీ కనపడాలి. ప్రాగ్ భాషావేత్తలు దీని మీద చాలా పని చేశారు, ఫ్రాంటిషెక్ డానెష్ 1970ల్లో ఇలాంటి అల్లికలు ఎన్ని రకాలో కూడా వర్గీకరించారు. అదే పేరాని ఇలా మార్చి చూడండి: "ఆన్‌లైన్ కోర్సెస్ ఆర్ చీప్. దిస్ లో కాస్ట్ మేక్స్ దెమ్ ఈజీ టు క్విట్. పీపుల్ హూ క్విట్ ఆఫెన్ సే దట్ నోబడీ నోటిస్డ్." ఒక్క కనెక్టర్ కూడా లేదు, అయినా పైనుంచి కిందకి జారుకుంటూ చదివేస్తాం. క్లాసులో నేను కనెక్టర్లన్నీ కొట్టేయించి పేరా మళ్లీ చదవమంటా, అర్థం నిలబడితే ఒకటో రెండో తిరిగి పెట్టుకోనిస్తా, కూలిపోతే లోపం కనెక్టర్లో లేదని వాళ్లకే అర్థమైపోతుంది.

అపోహ: పెద్ద పెద్ద పదాలు వాడితే అడ్వాన్స్‌డ్

ప్లెథొరా, మిరియడ్, దీజ్ డేస్ బదులు ఇన్ కాంటెంపరరీ సొసైటీ. చదివి చదివి విసుగొచ్చేసింది. ఎవరిల్ కాక్స్‌హెడ్ 2000లో పబ్లిష్ చేసిన అకడమిక్ వర్డ్ లిస్ట్‌లో 570 వర్డ్ ఫ్యామిలీలు (ఒకే మూలం నుంచి వచ్చిన పదాల గుంపులు) ఉంటాయి, అందులో మొట్టమొదటి భాగం తీసి చూస్తే కనపడేవి అనలైజ్, అప్రోచ్, డేటా, ఎవిడెన్స్, ఇష్యూ లాంటివే. అంటే నిజంగా అకడమిక్ రాతల్లో పని చేసేవి సాదా పదాలు, కష్టమంతా అవి పక్కన దేన్ని రానిస్తాయన్నదాంట్లో ఉంది. "మేక్ రీసెర్చ్" అనరు "డు" అనో "కండక్ట్" అనో అంటారు, కన్‌క్లూజన్‌ని "డ్రా" చేస్తారు. ఒక పదానికి బదులు వాడే పదాలిచ్చే థెసారస్ ఇది చెప్పదు. కొత్త పదం నోట్ చేసుకునేటప్పుడు పక్క పదంతో కలిపి జంటగా రాసుకోండి, ఒంటరిగా వద్దు.

అపోహ: వాళ్ల కల్చర్లో సూటిగా ఆలోచించరు, అందుకే ఎస్సే చుట్టూ తిరుగుతుంది

దీనికో చరిత్ర ఉంది. 1966లో రాబర్ట్ కాప్లాన్ అనే ఆయన దాదాపు 600 మంది స్టూడెంట్స్ రాతలు చూసి, ఇంగ్లిష్‌వాళ్ల పేరా నిటారు గీతలా ఉంటుందని, ఆసియావాళ్లది గుండ్రంగా తిరుగుతుందని బొమ్మలేసి చూపించారు. ఆ బొమ్మలు ట్రైనింగ్ క్లాసుల్లో ఇప్పటికీ తిరుగుతూనే ఉన్నాయి. తర్వాత విమర్శలు గట్టిగానే వచ్చాయి, కాప్లాన్ కూడా తన మాట తీవ్రత తగ్గించుకున్నారు, ఆ సంగతి మాత్రం ట్రైనింగుల్లో ఎవరూ చెప్పరు.

అసలు విషయం చివరి పేరాలో తేలడం అన్నది ఒక్క జాతి సొత్తేం కాదండీ. ఇంగ్లిష్ పుట్టుకతో వచ్చినవాళ్లు కూడా ఫస్ట్ డ్రాఫ్ట్ అలాగే రాస్తారు, ఎందుకంటే రాస్తూ రాస్తూనే తమకేం చెప్పాలనుందో తెలుసుకుంటారు. రైటింగ్ మీద రీసెర్చ్ చేసిన లిండా ఫ్లవర్ 1979లోనే దీన్ని రాసేవాడి కోసం రాసుకున్న రాత అని విడదీసి చెప్పారు, చదివేవాడి కోసం రాసేది తర్వాతి మెట్టు. అందుకే డ్రాఫ్ట్ చేతికి రాగానే నేను ముందు చివరి పేరా చదువుతా. ఉన్న ఒక్క మంచి వాక్యం చాలాసార్లు అక్కడే దొరుకుతుంది, దాన్ని తీసుకెళ్లి మొదట్లో పెట్టి "ఇప్పుడు ఇక్కడ్నుంచి మళ్లీ రాయి" అంటా. మొదట్లో మొహం మాడ్చుకుంటారు, ఆనక వాళ్లే చివరి పేరా ముందు చూసుకోవడం మొదలెడతారు.

అపోహ: ఎస్సేలో "ఐ" అస్సలు వాడకూడదు

వాడొచ్చు. కెన్ హైలాండ్ అనే రీసెర్చర్ ఎనిమిది సబ్జెక్టుల రీసెర్చ్ పేపర్లు తీసుకుని లెక్కేస్తే సైన్సులతో సహా అన్నిట్లోనూ "ఐ"లు "వుయ్"లు కనపడ్డాయి. 2002లో ఆయనే హాంకాంగ్ స్టూడెంట్స్ రిపోర్టులు చూస్తే వాళ్లు ఎక్స్‌పర్టుల కన్నా చాలా తక్కువ వాడారు, వాడినా ఏం చేయబోతున్నామో చెప్పడానికే తప్ప వాదన చేసే చోట వెనకడుగు వేశారు. చిక్కంతా అక్కడే. "ఐ ఆర్గ్యూ" అంటే బాధ్యత తీసుకున్నట్టు. "ఐ ఫీల్" అంటే, ఏదో నాకలా అనిపించింది వదిలేయండి అన్నట్టు. డిపార్ట్‌మెంట్‌ని బట్టి పట్టింపులు మారతాయి కాబట్టి సంబంధిత లెక్చరర్‌ని ఒకమాట అడిగి రాయడం మేలు.

అపోహ: ఐదు పేరాల ఎస్సే వస్తే చాలు

నలభై నిమిషాల్లో 250 పదాలు రాయాల్సిన ఐఈఎల్‌టీఎస్ లాంటి పరీక్షకి ఆ అచ్చు - ఒక ఇంట్రో, మూడు కారణాలకి మూడు పేరాలు, ఒక కన్‌క్లూజన్ - పనికొస్తుంది, కాదనను. సోర్సులు చదివి పెద్ద పేపర్ రాయాల్సినప్పుడు "మూడు కారణాలు" అని ముందే ఫిక్స్ అయిపోతే, రెండే ఉన్నవాళ్లు మూడోది కల్పిస్తారు, ఐదున్నవాళ్లు మంచివి రెండు పారేస్తారు. అంతకన్నా పెద్ద నష్టం, ఎదుటివాళ్ల అభ్యంతరానికి ఆ ఐదు గదుల్లో చోటే ఉండదు.

అపోహ: సోర్స్‌లో పదాలు మార్చేస్తే పారాఫ్రేజ్ (సొంత మాటల్లో చెప్పడం) అయినట్టే

ఒక సోర్స్‌లో ఇలా ఉందనుకోండి: "స్లీప్ లాస్ రెడ్యూసెస్ స్టూడెంట్స్ ఎబిలిటీ టు రిటైన్ న్యూ ఇన్ఫర్మేషన్." స్టూడెంట్ రాసేది: "స్లీప్ షార్టేజ్ డిక్రీజెస్ లెర్నర్స్ కెపాసిటీ టు కీప్ ఫ్రెష్ ఇన్ఫర్మేషన్." పదానికి పదం వేసుకుంటూ పోయారు, వాక్యం ఎముకలు అవే, పైగా ఆ "ఫ్రెష్ ఇన్ఫర్మేషన్" ఏంటో. రెబెకా మూర్ హోవర్డ్ 1990ల్లో దీనికి ప్యాచ్‌రైటింగ్ అని పేరు పెట్టి, ఇది దొంగతనం కన్నా నేర్చుకునే క్రమంలో వచ్చే దశ అనుకోవాలని వాదించారు. నేనూ ఆ పక్షమే. దొంగిలించాలనుకున్నవాడు ఇంత కష్టపడడు, కాపీ పేస్ట్ చేసి పోతాడు. అర్థం పూర్తిగా పట్టుబడకపోతే వాక్యాన్ని వదలాలంటే భయం, అందుకే దాన్ని పట్టుకుని వేలాడతారు. అలాగని రూల్స్ ఊరుకోవు, చాలా కాలేజీల్లో ఇది ప్లేజరిజం (వేరేవాళ్ల రాత దొంగిలించడం) కిందకే వస్తుంది, ఆ మాట సెమిస్టర్ మొదట్లోనే చెప్పేయాలి.

క్లాసులో చేయించేది సింపుల్: సోర్స్ మూసేయ్, పక్కనున్నవాళ్లకి అందులో ఏముందో నోటితో చెప్పు, ఏ భాషలో చెప్పినా పర్లేదు, ఇప్పుడు రాయి, ఆ తర్వాతే తెరిచి సరిచూసుకో, సోర్స్ ఎవరిదో పక్కనే వెయ్యి. నోటితో చెప్పలేకపోతే చదవడం కాలేదని అర్థం, మళ్లీ చదవాలి.

అపోహ: ఏఐ డిటెక్టర్ పట్టుకుంటే అది ఏఐ రాసిందే

దయచేసి దీన్ని నమ్మి ఎవరి మీదా కేసు పెట్టకండి. 2023లో స్టాన్‌ఫర్డ్ రీసెర్చర్లు టోఫెల్ కోసం మనుషులు రాసిన 91 ఎస్సేలు ఏడు డిటెక్టర్లకి ఇస్తే, సగటున 61 శాతం ఏఐ రాసినవే అని తేల్చేశాయి. అదే అమెరికా స్కూలు పిల్లల ఎస్సేల దగ్గర ఆ తప్పు దాదాపు చేయలేదు. అలాంటి డిటెక్టర్లు ఎక్కువగా చూసేది తర్వాతి పదాన్ని ఎంత తేలిగ్గా ఊహించొచ్చన్నదే, తెలిసిన కొద్ది పదాలతోనే జాగ్రత్తగా రాసే ఇంగ్లిష్ లెర్నర్ దాంట్లో సులువుగా ఇరుక్కుంటారు. ఇంకా విడ్డూరం ఏంటంటే అవే ఎస్సేల్లో పదాలకి చాట్‌జీపీటీ చేత మెరుగు పెట్టిస్తే తప్పుగా పట్టుకోవడం బాగా తగ్గిపోయింది. అంటే సొంతంగా రాసినవాళ్లు దొరికిపోతారు, మెషిన్‌తో మెరుగు పెట్టించుకున్నవాళ్లు తప్పించుకుంటారు. నాకు అనుమానమొస్తే డ్రాఫ్టులు, నోట్సు తెమ్మంటా, ఐదు నిమిషాలు కూర్చుని "ఈ సోర్స్ ఇక్కడెందుకు పెట్టావ్" అని అడుగుతా. రాసినవాళ్లు తడబడుతూనైనా చెప్పేస్తారు.

అపోహ: పీర్ రివ్యూ టైమ్ వేస్ట్

"నీ ఫ్రెండ్ ఎస్సే ఎలా ఉందో చెప్పు" అంటే వేస్టే, "బాగుంది, స్పెల్లింగ్ చూసుకో" అని తూతూమంత్రంగా రాసిచ్చేస్తారు. ప్రశ్న మార్చండి. వాదన ఏంటో నీ మాటల్లో ఒక్క వాక్యంలో రాయి, నమ్మబుద్ధి కాని చోట గీత గియ్యి, రెండోసారి చదవాల్సి వచ్చిన వాక్యం పక్కన టిక్ పెట్టు. ఇంతే ఇవ్వండి. గ్రామర్ ముట్టుకోవద్దని కచ్చితంగా చెప్పండి, లేకపోతే ఒకరి తప్పు ఇంకొకరు దిద్ది మూడో తప్పు చేస్తారు.