తుఫాను, రేకులు, బీమా డబ్బులు: చెన్నైలో నేను తరచూ వినే అపోహలు

పద్దెనిమిదేళ్లుగా చెన్నైలో పైకప్పుల పని చేస్తున్నాను. రేకుల షెడ్లు, స్లాబు కురవకుండా పూతలు, పాత మిద్దెల మరమ్మతు, అన్నీ చేస్తాను. మాది నెల్లూరు వైపు కాబట్టి ఇక్కడి తెలుగువాళ్లు ఎక్కువగా నాకే ఫోన్ చేస్తారు. గాలివాన తగ్గిన మర్నాడు మొదట అడిగేది రేకుల ధర కాదు, "అన్నా, బీమా వస్తుందా?" అనే. ఆ ప్రశ్న వెనక ఉండే అపోహల గురించి రాస్తున్నాను.

అపోహ: ఇంటికి బీమా ఉంది కాబట్టి స్లాబు కురిస్తే డబ్బులిస్తారు.

వాస్తవం: ఇవ్వరు. 2021 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన భారత్ గృహ రక్ష పాలసీ చూడండి. తుఫాను, గాలివాన, వరద, చెట్టు విరిగి మీద పడటం, నీళ్ల ట్యాంకు పగలడం లాంటి ఫలానా సంఘటన వల్ల జరిగిన నష్టానికే అది కడుతుంది. ఏళ్ల తరబడి దిగిన చెమ్మకు కాదు. రెండిటికీ తేడా ఎలా తెలుస్తుందంటారా, పైకప్పే చెబుతుంది. పాత చెమ్మ అయితే సీలింగ్ మీద గోధుమరంగు వలయాలు ఒకదాని చుట్టూ ఒకటి ఉంటాయి, పెచ్చులు ఊడిన చోట కమ్మీ తుప్పు పట్టి ఉబ్బి ఉంటుంది. రేకు సంగతికొస్తే, గాలి లేపినప్పుడు స్క్రూ రంధ్రం ఒక పక్కకు చీలి సాగుతుంది, చీలిన అంచు లోహం ఇంకా మెరుస్తుంటుంది. అదే తుప్పు తిన్న రేకైతే రంధ్రం చుట్టూ ఎర్రటి పొడి రాలుతుంది. నష్టం లెక్కకట్టడానికి కంపెనీ పంపే సర్వేయర్ చూసేది కూడా ఇవే గుర్తులు. అందుకే మేస్త్రీని ఎంచుకోవడం, క్లెయిమ్ సరిగ్గా పెట్టుకోవడం రెండు వేరు పనులు కావంటాను. పైకెక్కి చూసి "ఇది తుఫాను చేసింది కాదండీ, పాత చెమ్మ" అని మీ మొహం మీద చెప్పగలిగినవాడికే పని ఇవ్వండి.

అపోహ: సర్వేయర్ వచ్చేదాకా దేన్నీ ముట్టుకోకూడదు.

వాస్తవం: నష్టం ఇంకా పెరగకుండా చూసుకోవడం మీ బాధ్యతే. ముందు ఫొటోలు, వీడియో తీయండి. దూరం నుంచి మొత్తం పైకప్పు, దగ్గర నుంచి ప్రతి చీలిక, ఇంట్లో తడిసిన గోడ, వస్తువులు. వెంటనే కంపెనీకి ఫోన్ చేసి క్లెయిమ్ నంబరు తీసుకోండి. ఆ తర్వాత టార్పాలిన్ కప్పించుకోండి, ఆ బిల్లు దాచండి. అసలు మరమ్మతు మాత్రం సర్వేయర్ చూశాకే.

దీనికి పూర్తిగా ఎదురు తప్పు నేనే చేశాను. 2016 డిసెంబరు 12న వర్దా తుఫాను వచ్చిపోయాక విల్లివాక్కంలో ఒక పెద్దాయన ఇంటి మీద షెడ్డు లేచిపోయింది. ఆయన ఇబ్బంది చూడలేక రెండు రోజుల్లో శుభ్రం చేయించి, వంగిన రేకులన్నీ పాత ఇనుము కొట్టుకు వేయించేశాను. సర్వేయర్ వచ్చేసరికి చూపించడానికి ఒక్క ముక్క లేదు. ఆయనకు రావాల్సిన దాంట్లో చాలా భాగం పోయింది, అది నా తొందరపాటు వల్లేనని ఇప్పటికీ బాధగా ఉంటుంది. అప్పటినుంచి రేకు ముక్కలు, పెంకులు, చివరికి ఊడిన స్క్రూలు కూడా గోతాంలో కట్టి ఇంటివాళ్లకే అప్పగిస్తున్నాను, క్లెయిమ్ తేలేదాకా పారేయొద్దని చెప్పి.

అపోహ: సర్వేయర్‌కు ఫీజు మనమే ఇవ్వాలి.

వాస్తవం: ఆయన ఫీజు కంపెనీయే ఇస్తుంది. ఎవరైనా అడిగితే కంపెనీకి రాతపూర్వకంగా చెప్పండి. బీమా కంపెనీలను నియంత్రించే సంస్థ ఐఆర్‌డీఏఐ 2024లో పెట్టిన నిబంధనల ప్రకారం మీరు తెలియజేసిన 24 గంటల్లో సర్వేయర్‌ను నియమించాలి, 15 రోజుల్లో నివేదిక రావాలి, అది అందిన 7 రోజుల్లో కంపెనీ నిర్ణయం చెప్పాలి.

అపోహ: కాంట్రాక్టర్ ఎస్టిమేట్ కాస్త పెంచి రాస్తే ఎవరికీ నష్టం లేదు.

వాస్తవం: ఇది వింటే నాకు నిజంగా కోపం వస్తుంది. తుఫాను అయిన రెండో రోజే వీధిలో తిరుగుతూ "క్లెయిమ్ అంతా మేమే చూసుకుంటాం, మీరు సంతకం పెడితే చాలు" అనేవాళ్లు వస్తారు. ఖాళీ కాగితం మీద, ఖాళీ క్లెయిమ్ ఫారం మీద సంతకం పెట్టకండి. తప్పుడు బిల్లు పెట్టినట్టు తేలితే న్యాయంగా రావాల్సిన డబ్బు కూడా పోతుంది. అప్పుడు ఆ మనిషి ఫోన్ ఎత్తడు, పాలసీ మీద ఉన్న పేరు మీది.

అపోహ: రేకు ఏదైనా ఒకటే, తక్కువ రేటు చెప్పినవాడికి ఇచ్చేయొచ్చు.

వాస్తవం: గాలి భారానికి మన దేశంలో లెక్క ఐఎస్ 875 అనే భారతీయ ప్రమాణంలోని మూడో భాగం. అందులో లెక్కకు తీసుకోవాల్సిన గాలి వేగం బెంగళూరుకు సెకనుకు 33 మీటర్లు, చెన్నైకి 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. కాబట్టి బెంగళూరులో చుట్టాల ఇంటి మీద నిలిచిన షెడ్డు కొలతలే తెచ్చి ఇక్కడ వేయమంటే కుదరదు. గాలి షెడ్డును తోయడం కన్నా పైకి లాగడమే ఎక్కువ, అదీ అంచుల్లో, మూలల్లో. అక్కడ స్క్రూలు దగ్గర దగ్గరగా పడాలి, పర్లిన్ల (రేకులను మోసే అడ్డ కమ్మీల) మధ్య దూరం తగ్గాలి. ఇవేవీ కొటేషన్‌లో రాయకుండా చదరపు అడుగుకు ఇంత అని ఒక్క అంకె చెప్పేవాణ్ణి నమ్మొద్దు. రేకు మందం రంగు పూతతో కలిపి చెబుతున్నాడా, లేక ఉత్తి ఉక్కుదా అని అడగండి, దించిన రోజు కొలిపించండి. స్క్రూ కింద ఈపీడీఎం అనే, ఎండను తట్టుకునే రబ్బరు వాషర్ ఉందో లేదో చూడండి, మామూలు రబ్బరు మన ఎండకు గట్టిపడి పగిలిపోతుంది.

స్లాబు పని అయితే ఇంకో పరీక్ష ఉంది. వచ్చినవాడు వాటం చూడకుండానే, నీళ్లు ఎటు పోతున్నాయో అడగకుండానే కెమికల్ పూత డబ్బాల లెక్క మొదలుపెడితే పంపించేయండి. నీళ్లు నిలిచే చోట ఏ పూత వేసినా రెండు మూడు వానలకే వస్తుంది సమస్య. మైలాపూరు, జార్జ్‌టౌన్ వైపు ఇంకా దూలాల మీద ఇటుక, సున్నం వేసిన మద్రాసు టెర్రస్ ఇళ్లున్నాయి. వాటికి కరక్కాయ, బెల్లం నీళ్లు కలిపిన సున్నం పని తెలిసిన పాత మేస్త్రీలు కావాలి, సిమెంటు పామేసి పోయేవాళ్లు కాదు. పని అయ్యాక తూములు మూసి రెండు రోజులు నీళ్లు నిలగట్టి, కింద చెమ్మ దిగలేదని చూపించాకే చివరి డబ్బులు ఇవ్వండి. జీఎస్టీ బిల్లు తీసుకోండి, వచ్చే క్లెయిమ్‌కు అదే ఆధారం. అయితే ఒకటి, పాలసీ తీసుకున్నాక కట్టిన భాగం వల్ల కార్పెట్ ఏరియా (గోడల లోపలి నేల వైశాల్యం) 10 శాతానికి మించి పెరిగితే కంపెనీకి చెప్పి అదనపు ప్రీమియం కట్టాలి, లేదంటే ఆ భాగానికి రక్షణ ఉండదు.

అపోహ: కంపెనీ కాదంటే ఇక చేసేదేం లేదు.

వాస్తవం: తిరస్కరించడానికి కారణం రాతపూర్వకంగా అడగండి. సర్వే నివేదిక నకలు తీసుకోండి. కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాసి నెల రోజులు ఆగండి. జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా బీమా ఫిర్యాదులు తేల్చే అధికారి, అంటే బీమా అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లొచ్చు. చెన్నై కార్యాలయం తేనాంపేటలో ఉంది, ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు, 50 లక్షల దాకా పరిహారం ఇప్పించే అధికారం ఉంది. వెళ్లేటప్పుడు ఆ ఫొటోలు, బిల్లులు పట్టుకెళ్లండి. మీ ప్రాంతంలో ఆ రోజు ఎంత గాలి, ఎంత వాన అన్నదానికి మీనంబాక్కం, నుంగంబాక్కం వాతావరణ కేంద్రాల లెక్కలు ఉంటాయి, వాటి కాగితం కూడా జత చేయండి.